చెంచా లెక్క

పాలు తాగిన పసిబిడ్డ తేన్పుతో పాటు కాసిని పాలు కక్కితే మన ఇళ్లలో ఎవరూ కంగారుపడరు. అన్నవాహిక అడుగున బిగువు ఇంకా కుదరకపోవడం వల్ల జరిగేది అది. ఏడాది, ఏడాదిన్నరకల్లా చాలామందికి సర్దుకుంటుంది. ఆ బిడ్డే వరసగా నాలుగు వాంతులు చేసుకుంటే మాత్రం పెద్దల నోట ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట వస్తుంది. పెద్దవాళ్లకు అది చెల్లుతుందేమో గానీ, పసివాళ్లకు చెల్లదు. వాళ్ల ఒంట్లో నీటి వాటా మనకంటే ఎక్కువ, బరువును బట్టి చూస్తే రోజూ ఖర్చయ్యే నీరూ ఎక్కువే. విరేచనాలు కూడా తోడైతే ఒక్క పూట కడుపు మాడ్చినా నోరు ఎండి, మూత్రం తగ్గి, నడినెత్తి గుంటపడవచ్చు.

తాగిందల్లా కక్కేస్తుంటే ఇంకా తాగించమంటారేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే చాలాసార్లు కడుపు తిప్పికొట్టేది నీళ్లను కాదు, ఒక్కసారిగా పోసిన మోతాదును. ఓఆర్‌ఎస్‌ను 5 మిల్లీలీటర్ల చెంచాతో రెండు నిమిషాలకొకసారి పడితే గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళతాయి. మధ్యలో వాంతైతే పది నిమిషాలు ఆగి, ఇంకా నిదానంగా మళ్లీ మొదలెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. సెలైన్ ఎక్కిస్తే పోదా అంటారా? 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో ఆ సెలైన్ సీసాలే నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్లను బంధువుల చేతే తాగించి కలరా రోగుల్ని బతికించారు. వాళ్లకూ వాంతులు అవుతూనే ఉన్నాయి.

అయితే చెంచాలో ఏముందన్నదీ ముఖ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. తీపి మితిమీరితే పేగు నీటిని పీల్చుకోదు సరికదా, ఒంట్లో నీటినే తనవైపు లాక్కుంటుంది. తీపి పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మడంపై హైదరాబాద్ శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. ఇక చెంచాకు లొంగని వాంతులూ ఉన్నాయి. ఆకుపచ్చటి పసరు పడినా, నెత్తురు కనిపించినా, నెల బిడ్డ పాలు పట్టిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కుతున్నా, మగతగా పడి ఉన్నా, ఏడెనిమిది గంటలుగా మూత్రం పోయకున్నా లెక్కలు ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడికి వెళ్లేదాకా ‘కాసేపు చూద్దాం’ అనడం కూడా లంఖణం లాంటిదే.