గొంతు ఎవరిది?

కేథరిన్ మారిస్ పుస్తకం ‘లెట్ మి హియర్ యువర్ వాయిస్’ నాకు జిరాక్స్ కాపీగా దొరికింది. స్పైరల్ బైండింగు, పేజీల నిండా మూడు రంగుల హైలైటర్ గీతలు. కూకట్‌పల్లిలో మా మేనల్లుడు వెళ్లే థెరపీ సెంటర్ బయట కూర్చునే తల్లుల మధ్య చేతులు మారి మా అక్క దాకా వచ్చింది. “చదివి చెప్పరా, ఇందులో ఉన్నదంతా నిజమేనా?” అంది అక్క. పుస్తకాల మీద వ్యాసాలు రాస్తుంటాను కదా, ఆమాత్రం చెప్పగలననుకుంది.

1993లో వచ్చిన పుస్తకమిది. రచయిత్రిది మారుపేరు. రెండో సంతానం ఆన్-మరీ వచ్చిన నాలుగు మాటలూ పోగొట్టుకుని, ఇంట్లోవాళ్లని చూడటం కూడా మానేస్తుంది. డాక్టర్లు ఆటిజం అంటారు. తర్వాత పుట్టిన మిషెల్‌కీ అదే అంటారు. తల్లి ఇంట్లోనే ఏబీఏ, అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, మొదలుపెట్టిస్తుంది. పిల్లలిద్దరూ “కోలుకుంటారు”. ఇది ఆటిజం మీద ఒక కుటుంబం విజయమని ఉపశీర్షికే చెబుతుంది కాబట్టి, నేను కథ బయటపెట్టేశానని ఎవరూ అలగక్కర్లేదు.

ఏబీఏ ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం: చిన్న బల్ల, చిన్న కుర్చీ. “ఇటు చూడు” అంటారు. చూస్తే మెచ్చుకోలో, కితకితలో, ఓ బిస్కెట్ ముక్కో. చూడకపోతే చేత్తో సాయంచేసి చూసేలా చేస్తారు, మళ్లీ అడుగుతారు. సాయం మెల్లగా తగ్గిస్తూ పోతారు. ప్రతి ప్రయత్నానికీ కాగితం మీద ఒక గుర్తు. మెషీన్‌కి రివార్డులిచ్చి నేర్పించే పనిలో ఉన్న నాలాంటివాడికి ఇది చప్పున అర్థమైపోతుంది. అంత సులువుగా అర్థమైనందుకే నాకు భయమేసింది.

ఈ పద్ధతికి మూలపురుషుడు కాలిఫోర్నియాలోని ఇవార్ లోవాస్. 1987లో ఆయన అచ్చువేసిన అధ్యయనంలో, వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు పిల్లల్తో సమానంగా బడికెళ్లారని చెప్పారు. మారిస్‌కి ఆశ పుట్టించిన అంకె అదే. అక్క కాపీలో ‘40’ పక్కన పెన్నుతో రెండు గీతలున్నాయి. అదే అధ్యయనంలో పిల్లల్ని గట్టిగా గద్దించడం, తొడమీద కొట్టడం కూడా శిక్షణలో భాగమే. ఎవరికి ఎక్కువ గంటలు, ఎవరికి తక్కువ అన్నది చీటీలేసినట్టు కాకుండా, థెరపిస్టులు దొరకడాన్ని బట్టి తేల్చారు. ఇంకా వెనక్కి, 1965లో ‘లైఫ్’ పత్రిక లోవాస్ పనిమీద వేసిన ఫొటో కథనం శీర్షికలోనే కేకలూ చెంపదెబ్బలూ ప్రేమతో పక్కపక్కన ఉన్నాయి. ఇప్పుడు మన సెంటర్లలో కొట్టడం పద్ధతిలో భాగమని ఎవరూ అనరు. ‘సిట్టింగ్ టాలరెన్స్’, ‘ఐ కాంటాక్ట్’ మాత్రం అలాగే ఉన్నాయి.

పుస్తకంగా చూస్తే, నేను అనుకున్నదానికంటే చాలా మంచి పుస్తకం. తల్లుల ప్రేమ చాలకే పిల్లలిలా అవుతారని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’లో రాసిన రాతలు ఎంతమంది ఆడవాళ్లని కాల్చాయో, ఆ మంట ఈవిడ వాక్యాల్లో తెలుస్తుంది. ఇంకా బాగా నచ్చింది తన పొరపాటుని దాచకపోవడం. పిల్ల గింజుకుంటున్నా వదలకుండా వాటేసుకుని కూర్చునే ‘హోల్డింగ్ థెరపీ’ని ఆవిడ మొదట నమ్మింది. ఆ నమ్మకం ఎలా విరిగిందో వివరంగా రాసింది. భయంలో ఉన్న మనిషి ఏది పట్టుకుంటుందో, దాన్ని వదలడం ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పే ఆ పేజీల కోసం పుస్తకం మొత్తం చదవొచ్చు.

నా పేచీ టైటిల్‌తో. ‘నీ స్వరం విననీ’ అన్నది బైబిల్ పరమగీతంలో ప్రియుడు ప్రియురాల్ని అడిగే మాట. పుస్తకమంతా మనం వినేది తల్లి స్వరమే. పాప తన లోకంలో తను ఉన్న ప్రతిసారీ మనకి తెలిసేది అమ్మ గుండె ఎలా జారిందన్నది. ఆ పిల్లకి అక్కడేం బాగుందో అడగాలన్న ఊహ కూడా రాదు. మాటలొచ్చాక ఆ పిల్ల ఏమనుకుందో కూడా మనకి తెలీదు. పిల్లల్ని కాపాడ్డానికి పెట్టుకున్న మారుపేరు అది, తప్పు పట్టను. కానీ మాటలు తెచ్చుకున్న మనిషి ఒక్కతే మాట్లాడని పుస్తకం ఇది.

అదే 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ రచయిత ‘డోంట్ మోర్న్ ఫర్ అస్’ అనే చిన్న వ్యాసం రాశారు. ఆటిస్టిక్ మనుషులే నడుపుకునే వార్తాపత్రికలో వచ్చింది. దాని పేరు ‘అవర్ వాయిస్’! తల్లిదండ్రులు ఏడ్చేది తాము కలగన్న బిడ్డ కోసమనీ, ఆటిజాన్ని తీసేస్తే మిగిలేది వేరే మనిషనీ ఆ వ్యాసం వాదన. మారిస్‌కి బిడ్డ ఆటిజం వెనకాల చిక్కుకుపోయి ఉంది. సింక్లెయిర్‌కి అలా వెనకాల ఎవరూ లేరు. ఒకే ఏడాది వచ్చిన ఈ రెండింటినీ విడివిడిగా చదవకూడదనిపించింది. మన భాషలో ‘బాగుచేయడం’ అన్న మాట సైకిల్‌కీ, పిల్లాడికీ ఒకటే. సెంటర్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ మా అమ్మ అడిగేది “వాడు బాగవుతున్నాడా?” అనే.

ఇదంతా అక్కకి ఫోన్లో చెప్పాను. 2018లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో కూడా ఈ పద్ధతికి బలహీనమైన ఆధారమే దొరికిందన్నాను. అక్క వింది. “బలహీనమంటే అసలు లేదని కాదుగా?” అంది. కాదన్నాను. “వాడు నిన్న నీళ్లు కావాలని బొమ్మ చూపించాడు. అది కుర్చీలో కూర్చోబెట్టి నేర్పిందే. అది మానెయ్యమంటావా?” నా దగ్గర జవాబు లేదు. మానెయ్యమనను. కానీ వాడు కుర్చీలో ఏడ్చిన గంటలు ఏ కాగితం మీదా గుర్తు పెట్టలేదని మాత్రం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత తనే అంది: “నువ్వు చెప్పిన ఆ రెండో వ్యాసం రాసినవాళ్లకి మాటలొచ్చు కదరా. మనవాడికి రావు.”

సింక్లెయిర్ పన్నెండేళ్ల దాకా మాట్లాడలేదట అని చెప్పాను.

“పన్నెండా?” అంది అక్క. మేనల్లుడికి వచ్చే నెలకి ఆరు నిండుతాయి. ఆ వ్యాసం కూడా జిరాక్స్ తీసి పంపమంది.