గిటారిస్టు పాదం కింద ఉండాల్సిన జ్ఞాపకం

హన్మకొండలో పెళ్లి రిసెప్షన్‌కో, వినాయక చవితి పందిరికో వచ్చిన ఆర్కెస్ట్రా గిటారిస్టు పని, రాక్ బ్యాండ్ గిటారిస్టు పనికన్నా ఒక విధంగా కష్టం. రాక్ బ్యాండ్ తన పాటలు తాను పాడుకుంటుంది, ఒకే తరహా నాదంతో సాయంత్రమంతా నెగ్గుకురాగలదు. ఆర్కెస్ట్రాకు ఆ వీలు లేదు. ఇళయరాజా పాటలో గిటార్ మెత్తగా, తడి ఆరనట్టు మోగాలి. మరుక్షణం మణిశర్మ పాట అందుకుంటే డిస్టార్షన్ గర్జించాలి. ఆదివారం చర్చిలో ఆరాధనకు వాయించేవాళ్లదీ, వరంగల్ ఎన్ఐటీ ఉత్సవం స్ప్రింగ్ స్ప్రీలో వేదికెక్కే కాలేజీ బ్యాండ్లదీ ఇదే అవస్థ. అందుకే నాదాన్ని మార్చే పెడళ్ల పలకను, అంటే పెడల్‌బోర్డును, ప్రోగ్రామ్ చేసుకోనిచ్చే స్విచర్ విదేశీ రాక్ తారల విలాసం కాదంటాను. దాని అవసరం మన వేదికల మీదే ఎక్కువ.

చిక్కు ఎక్కడుందో లెక్క వేస్తే తెలుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక్కో దెబ్బకు దక్కేది అర సెకను. చరణం ముగిసి సోలో మొదలయ్యే ఆ సందులో కోరస్, కంప్రెసర్ ఆపాలి, డిస్టార్షన్ వేయాలి, డిలే వేగం మార్చాలి. ఒక్క పాదంతో ఇన్ని మీటలు నొక్కడం ఎవరివల్లా కాదు. నొక్కబోయినవాడి చెయ్యి తాళం తప్పుతుంది. వరంగల్ శ్రోతకు నాదం చటుక్కున మారడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడే 1932లో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక గొంతులోంచి మరో గొంతులోకి అతుకు కనబడకుండా దూకి మిమిక్రీని కళగా నిలబెట్టారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. గిటారిస్టుకూ కావలసింది ఆ అతుకు కనబడని మార్పే.

స్విచర్ చేసే పని నిజానికి సులువైనది. ప్రతి పెడల్‌కూ ఒక లూప్ ఉంటుంది: గిటార్ సంకేతం ఒక జాక్ గుండా పెడల్‌లోకి పోయి, ఇంకో జాక్ గుండా తిరిగి వస్తుంది. ఆ దారి తెరవాలా, పక్కనుంచి దాటేయాలా అన్నది ఒక చిన్న రిలే తేలుస్తుంది. ముందే దాచుకున్న ఏ అమరికలో, అంటే ఏ ప్రీసెట్‌లో, ఏ రిలేలు తెరవాలో స్విచర్ జ్ఞాపకంలో ఉంటుంది, ఒక్క నొక్కుతో అన్నీ కలిసి కదులుతాయి. 1983లో సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం వచ్చాక ఇంకో సౌకర్యం కలిగింది. ఒక్కో చానల్‌లో 128 ప్రోగ్రామ్ నంబర్లుంటాయి కాబట్టి, డిజిటల్ డిలేకు నీ ఫలానా అమరికకు మారు అని స్విచరే చెప్పగలదు. 1970లలో ఇంగ్లండులో పీట్ కార్నిష్, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా పేరున్న వాద్యకారులకు ఒక్కొక్కటిగా ఇలాంటివి కట్టి ఇచ్చారు. ఇప్పుడు బాస్ కంపెనీ ఇఎస్-5, ఇఎస్-8 వంటివి దుకాణంలో కొనుక్కోవచ్చు. ఒకదానికి అయిదు లూపులు, ఇంకోదానికి ఎనిమిది.

విద్యంతా అమరికలో ఉంది. గిటార్ కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ తెస్తుంది. పొడుగాటి కేబుల్‌కు పది పెడళ్ల ప్యాచ్ తీగలు తోడైతే పైస్థాయి మెరుపు చచ్చిపోతుంది. వాడని పెడళ్లను దారిలోంచి తప్పిస్తే ఆ నష్టం తగ్గుతుంది, మొదట్లో సంకేతానికి బలమిచ్చే చిన్న సర్క్యూట్, అంటే బఫర్, పెడితే మిగిలినదీ నిలుస్తుంది. అయితే జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్ బఫర్‌ను ఓర్చుకోదు. గిటార్ నేరుగా తగలాలి, లేకపోతే గొంతు కీచుమంటుంది. కాబట్టి దాని లూప్ బఫర్‌కు ముందుండాలి. డిలే విషయం మరీ సున్నితం. ప్రీసెట్ మార్చగానే దాని దారి మూసేస్తే ప్రతిధ్వని కత్తిరించినట్టు ఆగిపోతుంది. లోపలికి పోయే దారిని మాత్రమే మూసి, బయటికొచ్చే దారిని తెరిచి ఉంచితే పాత స్వరం తోక మెల్లగా ఆరిపోతుంది, కొత్త నాదం దాని మీదుగా మొదలవుతుంది. ఈ ఒక్క సదుపాయం కోసమైనా స్విచర్ కొనవచ్చు. మన తాళాలకూ ఇది పనికొస్తుంది: ఖండచాపులో ఒక్కో అక్షరం 200 మిల్లీసెకన్లయితే, డిలేను 600కు కట్టి ప్రీసెట్‌లో దాచుకుంటే ప్రతిధ్వని సరిగ్గా మూడు అక్షరాల తర్వాత పడుతుంది.

మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె ఒకటి కొంటే చాలదా అంటారు. చాలామందికి చాలు, అది చవక కూడా. ఏళ్ల తరబడి ఒక్కొక్క పెడల్‌ను చెవితో ఎంచి కూర్చుకున్నవాడికి మాత్రం చాలదు. స్విచర్ చెడితే అన్నీ ఒకేసారి మూగబోతాయన్నది నిజమైన భయమే. అందుకు సంచిలో గిటార్‌ను నేరుగా యాంప్‌కు కలిపే తీగ ఉండి తీరాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నాక స్విచర్ ఏ ప్రీసెట్‌లో లేస్తుందో ముందే చూసుకోవాలి. ఇక అసలు ఆక్షేపణ వేరే ఉంది. ముందే రాసిపెట్టుకున్న నాదంతో మనోధర్మం చచ్చిపోతుందని. మనోధర్మం ఉండేది వేళ్లలో, మీటలో కాదు. పాదం వైపు చూడక్కర్లేని వాద్యకారుడు గాయకుడి ముఖం చూడగలడు. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. గిటార్ మీదున్న వాల్యూమ్ గుండీని వేలితో తిప్పి డిస్టార్షన్‌ను తగ్గించే నేర్పు ఏ ప్రీసెట్‌లోనూ దొరకదు. ప్రీసెట్లనే నమ్ముకుని దాన్ని మరిచిపోతే నష్టం వాద్యకారుడిదే.

విద్యుత్తు మన సంగీతానికి పరాయిదనే మాట కూడా నిలవదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అయిదు తీగలతో గమకాలు పలికించారు. స్వరం నిలవకపోతే గమకం సాగదు, ఆ నిలకడను ఇచ్చింది విద్యుత్తే. సంగీత సభలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి.

మిగిలింది ధర. దానికి జవాబు వరంగల్‌లోనే ఉంది. అయిదు లూపుల స్విచర్‌కు కావలసినవి అయిదు రిలేలు, ఒక మైక్రోకంట్రోలర్, జాక్‌లు, నాలుగైదు కాలి మీటలు, ఒక లోహపు పెట్టె. మీట నొక్కినప్పుడు టప్పుమనకుండా జాక్‌ల దగ్గర 1 మెగాఓమ్ రెసిస్టర్లు, మార్పు జరిగే కొన్ని మిల్లీసెకన్లు శబ్దాన్ని అణిచే ఏర్పాటు, రిలే కాయిల్‌కు ఒక డయోడ్. ఎలక్ట్రానిక్స్ చదివే మూడో ఏడు విద్యార్థికి ఇది శక్తికి మించిన పని కాదు. ఊరినిండా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఏటా మూలనపడే ప్రాజెక్టుల బదులు ఇలాంటిది ఒకటి కట్టి, పక్క వీధిలోని ఆర్కెస్ట్రా గిటారిస్టుకు ఇచ్చి వాయించమని అడగండి. లోపాలేమిటో ఆయనే చెబుతారు.