పాత లాడం చెప్పిన సంగతి

లాడాలు మార్చిన ప్రతిసారీ పాతవాటిని పారేసే ముందు ఒకసారి తిప్పి చూడాలని నాకు నేర్పింది ఇంగ్లండులో లాడాలు కొట్టే ఒక పెద్దాయన. మా ఆడగుర్రానికి అప్పటికి పద్నాలుగేళ్లు. ఎడమ వెనక కాలి లాడం ముందంచు ఆకురాయి పట్టినట్టు అరిగి ఉంది. కుడిది మామూలుగానే ఉంది. గుర్రం కుంటడం లేదు, మేత తగ్గించలేదు. కాకపోతే ఆర్నెల్లుగా దూకేటప్పుడు వెనక కాళ్లతో అడ్డుకర్రలు పడేస్తోంది, మలుపు తిరిగి దూకాల్సిన చోట ఆగిపోతోంది. మేమంతా మొండితనం అనుకున్నాం. ఆయన మాత్రం ఆ లాడాన్ని నా చేతిలో పెట్టి, కాలు పైకెత్తడం బాధగా ఉండి డెక్క కొనను నేల మీద ఈడుస్తోందని చెప్పాడు. వారం తిరక్కుండా తీయించిన ఎక్స్‌రేలో కీలు అరిగిన జాడ కనబడింది. అన్నాళ్లూ దాన్ని మొండిదన్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

గుర్రం వెనక కాలికి నడుమ, వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే ఆ కీలును హాక్ అంటారు. మోకాలు వెనక్కి వంగిందేమో అనిపిస్తుంది గానీ, అది మన చీలమండకు సాటి. పొడుచుకొచ్చిన ఎముక మడమ. బయటికి ఒక్క కీలులా ఉన్నా లోపల ఒకదాని కింద ఒకటిగా నాలుగున్నాయి. కాలు వంచడం, చాచడం దాదాపు అంతా పైదాని పనే. కిందివి కదిలేది బహు కొద్ది, బరువు మోయడం, అదురును మింగడం వాటి వంతు. ఐదారు వందల కిలోల గుర్రం అడ్డుకర్ర ముందు వెనక కాళ్లు రెండూ నేలకు తన్ని లేచినప్పుడల్లా ఆ చిన్న ఎముకల మధ్య మెత్తటి పొర నలుగుతుంది. ఏళ్ల తరబడి నలిగి అరుగుతుంది, అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని స్పావిన్ అంటారు. జబ్బు ఎంత పాతదంటే, షేక్‌స్పియర్ 'ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ'లో పెళ్లికొడుకు ఎక్కివచ్చే ముసలి గుర్రానికున్న రోగాల్లో ఇదీ ఒకటి.

పాతకాలపు వైద్యం కఠినంగా ఉండేది. ఎర్రగా కాల్చిన ఇనుముతో కీలు మీద వాతలు పెట్టేవాళ్లు, చర్మం బొబ్బలెక్కే లేపనాలు పూసేవాళ్లు. కుంటే ఎద్దుకు మన పల్లెల్లో వాతలు పెట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు. వాత తర్వాత గుర్రాన్ని నెలల తరబడి పచ్చికలోకి వదిలేసేవాళ్లు. తేరుకున్న గుర్రాలకు మేలు చేసింది ఆ విశ్రాంతే తప్ప ఇనుము కాదని నా నమ్మకం. ఆ వాతలు పోవాల్సినవే. కానీ వాటితోపాటే పెరిగిన మరో విద్య ఉంది. చూపుతో, చేత్తో, ఓపికతో చేసేది. దానికి సాటి వచ్చే మందును నేనింకా చూడలేదు.

ఆ విద్య పొద్దున్నే లాయం తలుపు దగ్గర మొదలవుతుంది. రాత్రంతా నిలబడిన గుర్రం వేసే మొదటి పది అడుగులు చూడాలి. అరిగిన హాక్ ఉన్న గుర్రం బిగుసుకుపోయి బయటికొస్తుంది, కాసేపు తిరిగాక సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని చాలామంది మోసపోయేది అక్కడే. గట్టి నేల మీద పగ్గం పట్టుకుని ట్రాట్ అనే మెల్లని పరుగులో తిన్నగా పరిగెత్తించి వెనక నుంచి చూస్తే, కాలు పొట్ట కిందికి లోపలిగా వచ్చి చివర్లో బయటికి గుచ్చుకున్నట్టు పడుతుంది. వైద్యులు కాలును నిమిషం పాటో, ఇంకాస్త ఎక్కువో మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే పరిగెత్తిస్తారు. మొదటి అడుగుల్లో కుంటు పెరిగితే అనుమానం బలపడుతుంది. హాక్ మడిస్తే తుంటి దగ్గరి కీళ్లూ మడతపడతాయి కాబట్టి అదొక్కటే రుజువు కాదు. ఎక్స్‌రేను చూసీ బెదిరిపోకూడదు. బొమ్మలో ఘోరంగా కనిపించే కీలు నొప్పి లేకుండా ఉండొచ్చు, చిన్న మార్పు కనిపించేది విపరీతంగా బాధపెట్టొచ్చు. కీలులోకి మత్తుమందు ఎక్కించి, కుంటు పోతుందో లేదో చూసి తేల్చుకోవాలి.

తర్వాత లాడం. లండన్‌లో లాడాలు కొట్టేవారి సంఘం 1356లో పుట్టింది. 1975 చట్టం తర్వాత బ్రిటన్‌లో శిక్షణ పొంది పేరు నమోదు చేయించుకోనివాళ్లు గుర్రానికి లాడం కొట్టడం నేరం. అంత పట్టింపు ఎందుకో హాక్ అరిగిన గుర్రం ఉంటే తెలుస్తుంది. గుర్రం అడుగు తీసేటప్పుడు డెక్క కొన మీదుగా దొర్లుతుంది. కొన పొడవు పెరిగితే అంత దూరం దొర్లాలి, అంతసేపు కీలు ఒత్తిడికి లోనవుతుంది. అందుకే కొనను కత్తిరించి, లాడం ముందంచును గుండ్రంగా సాగగొట్టి, ఒక్క పిసరు వెనక్కి జరుపుతారు. మడమ వైపు ఆసరాగా లాడాన్ని కొద్దిగా పొడవు ఉంచుతారు. ఐదారు వారాలకోసారి ఇది జరగాల్సిందే. పచ్చికలో జారకుండా లాడాలకు బిగించే మేకుల్ని మా పెద్దాయన అవసరమైతే తప్ప ఒప్పుకోడు. జారాల్సిన డెక్క చటుక్కున ఆగితే ఆ మెలిక పోయేది హాక్‌లోకే.

మిగిలిందంతా నడకే. జీను ఎక్కిన మొదటి ఇరవై నిమిషాలూ నడక తప్ప మరేదీ లేదు. చలికాలంలో ఇంకాస్త. వారం రోజులు కట్టేసి ఆదివారం చెమటలు పట్టించడం కన్నా రోజూ కొంచెం పని మేలు. చిన్న వలయాల్లో తిప్పడం, కాళ్లు దిగబడే ఇసుక, రెండూ కీలుకు శత్రువులే. తిన్నని బాటలు, వాలు తక్కువైన గుట్టలు మిత్రులు. వీలైనన్ని గంటలు పచ్చికలో తిరగనివ్వాలి. పక్కటెముకలు చేతికి సులువుగా తగిలేంతగానే మేపాలి.

ఇంజెక్షన్లకు నేను విరోధిని కాను. కీలులోకి స్టెరాయిడ్ ఎక్కిస్తే వాపు తగ్గి మా గుర్రం నెలల తరబడి హాయిగా పనిచేసింది. ఫెనైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు పొడి దాణాలో కలిపిన రోజులూ ఉన్నాయి. దాంతో కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది, పోటీకి వెళ్లే గుర్రం ఒంట్లో అది ఉండకూడదు. కీలులో ఇంజెక్షన్ చేస్తే అంతర్జాతీయ పోటీకి ముందు 14 రోజుల ఎడం ఉండాలని నియమం. మంచి నియమం అది. నొప్పి తెలియని గుర్రం తన హద్దును తాను చెప్పలేదు. సూది వేసి ఎత్తు పెంచితే అది వైద్యం కాదు.

ఈ జబ్బులో నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది. కింది కీళ్లు పూర్తిగా అరిగాక ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుపోవచ్చు. కదలిక ఆగితే నొప్పీ ఆగుతుంది. ఆ కీళ్లు కదిలేదే కొద్ది కనుక గుర్రం మళ్లీ మామూలుగా నడుస్తుంది. అందుకు ఏళ్లు పట్టొచ్చు, అసలు అతకకపోనూ వచ్చు. అప్పటిదాకా కీలు చుట్టూ కండ పట్టు సడలకుండా, నొప్పి పెరగకుండా కాయడమే యజమాని పని.

మన దేశంలో రైడింగ్ స్కూళ్లలో దూకే గుర్రాలు ఎన్నో రేసుల నుంచి వచ్చినవే. రెండు మూడేళ్ల వయసులోనే పరుగు మొదలుపెట్టినవి. హైదరాబాద్ మలక్‌పేటలోనో, మరో చోటో మైదానం విడిచి కొత్త చేతుల్లోకి వచ్చేసరికి వాటి కీళ్లు తమ బలం కొంత ఖర్చు చేసే ఉంటాయి. అలాంటి గుర్రాన్ని తెచ్చుకునేవాళ్లు ఎంత ఎత్తు దూకుతుందని అడిగే ముందు దాని వెనక లాడాలు విప్పి చూడాలి.

మా గుర్రానికి ఇప్పుడు పంతొమ్మిది. మీటరు ఎత్తు ఇక అడగను. వారానికి ఒక్కరోజు, పదికి మించకుండా చిన్న దూకుళ్లు, అంతే. పోయిన నెల అడవి బాటలో అడ్డంగా పడి ఉన్న దుంగ కనబడగానే చెవులు నిక్కించింది. నేను పగ్గం లాగేలోపే దూకేసింది, వెనక కాళ్లు రెండూ ఒకేసారి తన్ని. నేను దిగి, జీను పట్టీ వదులు చేసి, ఇంటిదాకా పక్కనే నడిచాను.