జాతిస్త్రీలక్షణము : కొక్కోకసంప్రదాయవిమర్శనము

తెనుఁగు సాహిత్యమున స్త్రీదేహమును గూర్చి పలికినవారు రెండు తెగలు. కావ్యకర్తలు దానిని ఉపమానముల మఱుఁగున నుంచిరి. కామశాస్త్రకర్తలు మఱుఁగు తొలఁగించి జాతులేర్పఱచిరి. ఆ మఱుఁగుకంటె నీ జాతులే యెక్కువ కీడు చేసినవి.

వాత్స్యాయనుఁడు గుహ్యావయవపరిమాణమును బట్టి స్త్రీలను మృగి, బడబ, హస్తిని యని విభజించెను. పురుషులను సైతము శశ, వృష, అశ్వములని యట్లే విభజించెను గనుక నది దంపతుల పొంతనకై చేసిన కొలతయే కాని శీలనిర్ణయము కాదు. పద్మిని, చిత్రిణి, శంఖిని, హస్తిని యను నాలుగు జాతులు కామసూత్రములందు లేవు. అవి కొక్కోకుని రతిరహస్యమునఁ గలవు. కూచిరాజు ఎఱ్ఱన దానిని తెనిఁగించుటతో మన పలుకుబడిలోఁ జేరినవి. ఇందు రహస్యావయవపు గంధాదులు స్త్రీ నడకతో, తిండితో, కోపముతో ముడివేయఁబడినవి. పద్మినికి తామరపరిమళమఁట, హస్తినికి ఏనుఁగు మదపు వాసనయఁట! ఒడలిని జూచి గుణమును జదువవచ్చునను భ్రమకు శాస్త్రమను పేరు వచ్చినది. దేహము వేఱుగా నున్నంతమాత్రమున సిగ్గుపడవలసిన స్త్రీని ఈ గ్రంథములు సృష్టించినవి.

ఉదయగిరి దుర్గమును 1514లో జయించిన కృష్ణరాయలు ఆముక్తమాల్యదలో గోదాదేవి యవ్వనమును విస్తరించి వర్ణించెను. మహాకవియే యైనను ప్రబంధసంప్రదాయమున నాయిక యొక్క యచ్చుననే పోయఁబడును. చంద్రుఁడు, తమ్మి, తుమ్మెద లెల్లరకు నవియే.

అదే ఉదయగిరి, ఆత్మకూరు సీమల మెట్టపల్లెలలో కానుపులు మంత్రసానుల చేతులమీఁదుగా జరిగిన కాలమున, నిజమైన భేదము లెఱిఁగినవారు వారే. ఎందఱో తల్లులను జూచిన యా ముసలమ్మలకు వ్రాఁత రాదు. వ్రాసిన పండితులకు ఆ చూపు లేదు. మన వాఙ్మయమున కిది పెద్ద లోటు.

ఆ లోటును పరదేశవైద్యులు కొంత తీర్చిరి. 2005లో లండను వైద్యులు 50 మంది స్త్రీలను బరీక్షించి, లోపలి భగోష్ఠముల పొడవు 20 మొదలు 100 మిల్లీమీటర్లవఱకు, వెడల్పు 7 మొదలు 50 మిల్లీమీటర్లవఱకు నుండునని ప్రకటించిరి. వయస్సునకును, కానుపులకును ఈ కొలతలతో చెప్పఁదగిన సంబంధము కానరాలేదు. 41 మందికి ఆ చోటు చుట్టుప్రక్కల చర్మముకంటె నల్లనిది. నలుపును లోపముగా నెంచు మన యిండ్లలో నీ యొక్క సంఖ్య తెలిసిన నెందఱి దిగులో తీఱును. 2018లో స్విట్జర్లాండునందు 657 మందిని కొలిచినపుడును వైవిధ్యమే తేలినది. ఇట్లుండఁగా, ఒక కల్పితరూపమునకై శస్త్రచికిత్సకు సిద్ధపడు యువతులు నేఁడు గలరు. ఇట్టి చికిత్సల క్షేమము, ఫలము స్థాపితములు కాలేదని అమెరికా ప్రసూతివైద్యుల సంఘము 2007లోనే హెచ్చరించినది.

ఎఱ్ఱన గ్రంథమును దాఁచనక్కఱలేదు. భాషకొఱకు, చరిత్రకొఱకు దానిని జదువవలసినదే. అయితే ముద్రించువారు జాతిలక్షణప్రకరణమునకు ముందు, ఈ నాలుగు జాతులు కవికల్పితములనియు, శరీరశాస్త్రమున వీనికి స్థానము లేదనియు నొక వాక్యము చేర్చుట కర్తవ్యము.