యంత్రం మీద నింద, యాజమాన్యం మీద మౌనం

గత పదిహేనేళ్ళుగా మన కథల్లోకి, కవితల్లోకి సెల్‌ఫోన్ ధారాళంగా వస్తున్నది. అయితే అది వచ్చే దారి దాదాపు ఒకటే. పల్లెలో తల్లి ఫోను మోగుతుందని ఎదురుచూస్తూ కూచుంటుంది; అమెరికాలో కొడుక్కి తీరిక ఉండదు. భార్యాభర్తలు ఒకే గదిలో చెరొక తెర చూసుకుంటూ మాటలు మరచిపోతారు. పిల్లవాడు ఆటస్థలం మొహం చూడడు. ఆఖరి పేరాలో కరెంటు పోతుంది, లేదా ఫోను నేలబడి పగులుతుంది. కుటుంబమంతా వెన్నెల్లో చేరి కబుర్లు చెప్పుకుంటుంది. రచయిత నిట్టూరుస్తాడు, పాఠకుడూ నిట్టూరుస్తాడు. ఒకనాడు పట్నాన్ని, తర్వాత సినిమాను, ఆ తర్వాత టీవీని నిందించిన కలమే ఇప్పుడు సెల్‌ఫోన్ వైపు తిరిగింది. వస్తువు మారింది గాని దృక్పథం మారలేదు.

ఈ కథలు చెప్పే ఒంటరితనం అబద్ధమని నేననడం లేదు. మధ్యతరగతి ఇళ్ళలో అది ఉన్నది, రాయదగినదే. కాని ఇలాంటి కథల్ని వరసగా చదివిన విద్యార్థికి ఒక సంగతి తట్టాలి: వీటిలో ఎక్కడా ఫోనుకు ధర లేదు. ఏ పాత్రా దాన్ని కిస్తుల్లో కొనదు. ఎవరికీ రీచార్జి గడువు తీరిపోదు. గాలిలాగా, వెలుతురులాగా అది ఇంట్లో ఉండనే ఉంటుంది. ఒక సరుకు ధర లేకుండా సాహిత్యంలో కనిపించిందంటే, ఆ ధరను గురించి ఆలోచించే అవసరం లేని ఇంటి కిటికీలోంచి రచయిత లోకాన్ని చూస్తున్నాడని అర్థం. వర్గదృష్టి అనే మాటను మనం సభల్లో ఎన్నోసార్లు వాడాం. దాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకంటె సులువైన తావు దొరకదు.

హైదరాబాదు తూర్పు దిక్కున ఉప్పల్, నాచారం ప్రాంతాన్నే తీసుకుందాం. ఒకవైపు భూభౌతిక పరిశోధన సంస్థ వంటి పెద్ద విజ్ఞాన కేంద్రాలు. మరొకవైపు పారిశ్రామికవాడల్లో చిన్నా పెద్దా కర్మాగారాలు. చౌరస్తాలో వరంగల్ బస్సు కోసం నిలబడే జనం. మెట్రో స్తంభాల కింద వీపున సంచులు తగిలించుకుని ఆర్డరు కోసం కాచుకున్న కుర్రవాళ్ళు. ఇక్కడి టీ బండ్ల దగ్గర సాంకేతిక విజ్ఞానం మీద నిత్యం చర్చ జరుగుతూనే ఉంటుంది. ఎవరూ దానికి ఆ పేరు పెట్టరు. "నెలంటే ముప్పై దినాలు గదా, ఈ కంపెనోళ్ళకు ఇరవై ఎనిమిదేంది?" అంటాడొకడు. "ఫోను లేకుంటె పని దొరకది, పని దొరికితె పైసలన్ని ఫోనుకే" అంటాడు ఇంకొకడు. "సూపర్వైజరు ఇదివరకు గేటు కాడ ఉంటుండె, ఇప్పుడు జేబులనే ఉంటుండు" అంటుంది షిఫ్టు దిగి వచ్చిన ఒకామె. ఈ మూడు మాటల్లో ధర ఉంది, శ్రమ ఉంది, నిఘా ఉంది. మన కథల్లో కనబడనివి సరిగ్గా ఇవే.

మొదటి మాటను లెక్క వేసి చూద్దాం. 28 రోజుల గడువంటే ఏడాదికి 12 సార్లకు బదులు 13 సార్లు చెల్లించాలి. క్యాలెండరులో లేని ఒక నెలను కంపెనీలు పుట్టించాయి. టీ బండి దగ్గరి ఈ గొణుగుడు వట్టి గొణుగుడు కాదనడానికి నిదర్శనం, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో, కనీసం ఒక్క పథకమైనా 30 రోజుల గడువుతో ఉంచాలని కంపెనీలను ఆదేశించవలసి రావడమే. 2016 సెప్టెంబరులో జియో ఉచితంగా మొదలైంది. 2024 జూలై మొదటి వారంలో మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలూ రోజుల తేడాతో రేట్లు పెంచాయి. జియోలో 239 రూపాయల 28 రోజుల పథకం 299 అయింది. ఆ లెక్కన 13 సార్లకు 3,887 రూపాయలు. ఇంట్లో ముగ్గురి చేతుల్లో ఫోనుంటే 11,661. ముందు ఉచితంగా అలవాటు చేయడం, అలవాటు అవసరమయ్యేదాకా ఆగడం, అప్పుడు ధర చెప్పడం. ఈ ఎనిమిదేళ్ళ వరసలో ఒక నవలకు సరిపడే కథాక్రమం ఉన్నది. రాసినవాళ్ళేరి?

కొనడం దగ్గరికి వద్దాం. కిస్తుల మీద ఇచ్చిన ఫోనును, ఒక్క వాయిదా తప్పగానే దూరం నుంచే పనిచేయకుండా తాళం వేసే పద్ధతిని కొన్ని ఫైనాన్సు కంపెనీలు అనుసరించాయి. పనికి పిలుపు వచ్చేది ఆ ఫోనులోనే. కూలి డబ్బు జమయ్యేదీ దానిలోనే. తాళం పడితే బాకీ తీర్చడానికి కావలసిన సంపాదనకే తాళం పడుతుంది. రైతు బాకీపడితే కాడెద్దుల్ని తోలుకుపోయిన షావుకారు మన సాహిత్యానికి బాగా తెలుసు. ఎద్దులు కొట్టంలోనే ఉండగా వాటి కాళ్ళు మాత్రం కదలకుండా చేయగల షావుకారు ఇంకా మన సాహిత్యంలోకి రాలేదు.

యంత్రాన్ని నిందించేవారు ఒక చారిత్రక విషయం గమనించాలి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందించే 'సైట్' ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఆ కార్యక్రమాలు అందాయి. వాటికి టీవీ సెట్లు తయారుచేసింది ప్రభుత్వ సంస్థ ఇసిఐఎల్. నాచారం, మల్లాపూరు దాటి ముందుకు పోతే వచ్చేది ఆ సంస్థే. ఊరికొక సెట్టు. అది పదిమందీ కూడే చోట ఉండేది. పదిమందీ చేరి చూసేవారు. ముందు వరస ఎవరిది, గోడ అవతల నిలబడ్డదెవరు అన్న ప్రశ్నలు అక్కడా వేసుకోవలసినవే. అయినా ఆ సెట్టు ఊరిది. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. దాని కేంద్రం ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లోనే ఉన్నది. క్రమంగా సెట్టు ఊరి నుంచి ఇంటికి, తెర ఇంటి నుంచి జేబుకు చేరింది.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్ళలో పాఠాలు ప్రసారమయ్యాయి. టీవీలో వచ్చిన పాఠం నా తరగతి పిల్లల్లో చాలామందికి అందింది. ఫోనులో పంపిన హోంవర్కు అందలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను తండ్రి జేబులో పనికి పోయేది. ఇక్కడ పాఠాన్ని పిల్లవాడి దాకా తెచ్చిందీ సాంకేతిక విజ్ఞానమే, సగం దారిలో ఆపిందీ సాంకేతిక విజ్ఞానమే. తేడా ఎక్కడున్నది? ఒకటి అందరి కోసం నడిపినది, రెండవది కొనగలిగినవాడికి అమ్మినది. 'సెల్‌ఫోన్ చెడ్డదా, మంచిదా' అనే వ్యాసరచన ప్రశ్నకు ఈ తేడా అందదు.

ఇక నిఘా మాట. ఇంగ్లీషులో ప్రైవసీ అనేదాన్ని మనం 'గోప్యత' అని రాస్తున్నాం. ఆ మాటకు ఫైళ్ళ వాసన ఉన్నది. దాచినవాడిదే తప్పన్న సూచన కూడా ఉన్నది. 'ఏకాంతం' అందామంటే అది సొంత గది ఉన్నవాడి మాట. ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంట్లో ఏకాంతం ఎక్కడిది? కాని ఆ ఇంటికీ 'గుట్టు' ఉంది, 'పరువు' ఉంది. జనం వాడే మాటలు ఇవి. గుట్టు ఒక్క మనిషిది కాదు, ఇంటిల్లిపాదిదీ. పరువు నలుగురి కళ్ళలో నిలబడేది. ఈ రెండు మాటల్లోంచి చూస్తేగాని 2020 డిసెంబరులో తెలంగాణలో ఏం జరిగిందో అర్థం కాదు.

ఆ రోజుల్లో లాక్‌డౌన్ దెబ్బకు పనులు పోయి, ఫోనులోనే అప్పిచ్చే యాప్‌ల దగ్గర కొద్ది మొత్తాలు తీసుకున్నవారు వేధింపులకు గురై ఆత్మహత్యలు చేసుకున్నారు. తాకట్టుగా ఆ యాప్‌లు బంగారం అడగలేదు, పొలం కాగితం అడగలేదు. ఫోనులో ఉన్న పేర్ల జాబితా చూడడానికి అనుమతి అడిగాయి. వాయిదా తప్పగానే ఆ పేర్లన్నిటికీ, అత్తగారికీ ఆఫీసరుకూ చిన్ననాటి స్నేహితుడికీ, ఇతను మోసగాడంటూ సందేశాలు వెళ్ళాయి. తాకట్టు పడింది పరువు. పోలీసులు హైదరాబాదులోను, గురుగ్రాంలోను ఉన్న వసూలు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ ఫోన్లు చేసి తిట్టినవారు ఎవరు? నెలజీతానికి కుదిరిన యువతీ యువకులు. అంటే తిట్టేవాడు, తిట్లు తినేవాడు ఒకే తరగతి బస్సు పాసు మీద తిరిగే మనుషులు కావచ్చు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, రుణ యాప్‌లు ఫోనులోని కాంటాక్టుల, ఫైళ్ళ జోలికి పోరాదని నిబంధన పెట్టింది. నిబంధన వచ్చింది గాని ఆ కాల్ సెంటరు కుర్రవాడి మనసులోకి మాత్రం మన కథ ప్రవేశించలేదు.

అప్పును ఎలా రాయాలో తెలుగు కథకు తెలియదని ఎవరనగలరు? కాళీపట్నం రామారావు 'యజ్ఞం' 1964లో వచ్చింది. అందులో ఆయన బాకీపడినవాడి కన్నీటి దగ్గర ఆగలేదు. సుందరపాలెం ఎలా మారింది, ఊరు 'అభివృద్ధి' చెందుతుంటే అప్పల్రాముడి కష్టం ఎటు పోయింది, నలుగురు పెద్దల ముందు పత్రానికి ఎంత బలం ఉన్నది, ఇవన్నీ లెక్కతో సహా చూపించాడు. అందువల్లనే సీతారాముడు కన్నకొడుకును చంపుకునే ముగింపు మనల్ని నిట్టూర్చనివ్వదు, నిలదీస్తుంది. రుణ యాప్ నేటి పంచాయితీ. అందులో పెద్దమనుషులు కనబడరు, పత్రం చదవడానికి దొరకదు, తీర్పు మాత్రం నిమిషంలో ఊరంతా పాకుతుంది. ఈ వస్తువుకు 'యజ్ఞం' కొలబద్ద కావాలి. కరెంటు పోయిన రాత్రి వెన్నెల కొలబద్ద కాజాలదు.

అలాగని టీ బండి దగ్గర వినబడే ప్రతి మాటనూ ప్రజాచైతన్యమని నెత్తికెత్తుకోవడం కూడా పొరపాటే. "మన దగ్గర దాసిపెట్టేటిది ఏముంది సార్, సూసుకోనీ" అనే మాట కూడా అక్కడే వినిపిస్తుంది. ఇది పేదవాడి ధైర్యంలా కనిపిస్తుంది గాని, లోపల పాలకుల వాదనే ఉన్నది. తెలంగాణ పోలీసులు 2018లో ముఖాలను గుర్తుపట్టే విధానాన్ని తమ యాప్‌లో ప్రవేశపెట్టారు. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు దారిన పోయేవారిని ఆపి, ఫోన్లు తెరిపించి వాట్సాప్ సంభాషణలు వెతకడం వీడియోల్లో అందరూ చూశారు. ఆ వెతుకులాట ఎవరి మీద జరుగుతుంది? కారు అద్దాలు ఎత్తుకుని పోయేవారిని ఆపి జరగదు. దాచుకునేదేమీ లేనివాడే ఎక్కువసార్లు జేబులు చూపించవలసి వస్తుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కు మెట్రో స్తంభం కింద నిలబడ్డ కుర్రవాడి దాకా ఎంత చేరిందన్నది వేరే ప్రశ్న. వాడుకలో ఉన్న ఆలోచనలో వివేకమూ, అరువు తెచ్చుకున్న భావాలూ కలిసే ఉంటాయని గ్రాంసీ జైలులో రాసుకున్నాడు. వాటిని విడదీసి చూపించడమే రచయిత పని. విమర్శకుడి పనీ అదే.

మరొక పార్శ్వం కూడా ఉన్నది. అదే ఫోనులో యాప్ కార్మికులు సమ్మె పిలుపును పంచుకుంటారు. పుట్టింటికి పోనివ్వని ఇంట్లోంచి ఒక ఇల్లాలు తల్లితో మాట్లాడుకునేదీ అందులోనే. యంత్రాన్ని మొత్తంగా తోసిపుచ్చే రచన ఈ మనుషుల చేతిలోని పనిముట్టును కూడా లాగేసుకుంటుంది. అభ్యుదయ సాహిత్యం ఏనాడూ విజ్ఞానానికి వ్యతిరేకి కాదు. విజ్ఞానం ఎవరి చేతిలో ఉండి ఎవరి మీద పనిచేస్తున్నదని అడిగింది.

కనుక కొత్తగా రాసేవారికి, వారి రచనల్ని చదివి పాఠం చెప్పేవారికి ఒక సూచన. ఈసారి కథలో ఫోను వస్తే, దాన్ని ఎంతకు కొన్నారో, బాకీ ఎంతున్నదో రాయండి. గడువు తీరిన రోజున ఆ ఇంట్లో ఏ ఖర్చు వెనక్కి పోయిందో రాయండి. పాత్ర ఏ బొత్తాము నొక్కి ఏ అనుమతి ఇచ్చిందో, అది ఇవ్వకపోతే పని దొరికేదో లేదో రాయండి. నాచారం గేటు ముందు ఆమె అన్న మాటలోని సూపర్వైజరు జీతం ఎవరిస్తున్నారో వెతకండి. శిల్పం గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.