కాగిన చుక్క, మారిన మోత

2007 ఏప్రిల్ 12న ఆస్ట్రేలియా ఔత్సాహిక పరిశీలకుడు రాడ్ స్టబ్బింగ్స్ తులారాశిలోని జీడబ్ల్యూ లిబ్రే భగ్గుమనడం పసిగట్టారు. మామూలుగా 17వ ప్రకాశ తరగతిలో ఉండే ఆ చుక్క 8వ తరగతి దాకా ఎగబాకింది. అంటే తెలంగాణలోని జూలూరుపాడు అడవి అంచు చీకట్లో అర్ధరాత్రి దాటాక దక్షిణానికి బైనాక్యులర్ తిప్పితే అందేంత వెలుగు. అది శ్వేత కుబ్జ తార. 77 నిమిషాలకోసారి తన చుట్టూ తిరిగే తోడు చుక్క నుంచి వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు చుట్టూ పళ్లెంలా పేరుకుని, ఒక్కసారిగా మీద పడితే ఇలా మండుతుంది. తోడు నుంచి మేస్తూనే కంపించే కుబ్జం ఉందని తొలిసారి తెలిసింది దీనితోనే, 1998లో. అప్పటి కంపనాల కాలాలు సుమారు 236, 377, 648 సెకన్లు.

డప్పును మంట దగ్గర కాచితే తోలు బిగిసి మోత పదునెక్కుతుంది, చల్లారితే మొద్దుబారుతుంది. చుక్క విషయంలో లెక్క కూడా ఇంచుమించు ఇదే: పైపొర వేడెక్కితే కంపనాన్ని నడిపే పొర పలచబడి కాలం తగ్గుతుంది, మరీ వేడెక్కితే కంపనమే ఆగుతుంది. కాబట్టి 2007 మంటలో కాగిన జీడబ్ల్యూ లిబ్రే చల్లారేకొద్దీ ముందు చిన్న కాలాలు, తరువాత పాత కాలాలు తిరిగి రావాలని అనుకున్నారు. చుక్క అంత విధేయంగా నడవలేదు. మూడేళ్లు దాటినా పాత వేడికి దిగలేదు. ఆ ఏళ్లలో 290 సెకన్ల చుట్టూ ఒక కంపనం, 19 నిమిషాలదొకటి, నాలుగు గంటలదొకటి బయటపడ్డాయి. పాత మూడూ మాత్రం అనుకున్నట్టు తిరిగి రాలేదు.

అసలు కంపనాల ఊసెందుకు, హబుల్ అతినీలలోహిత వర్ణపటంతో వేడిని నేరుగా కొలవొచ్చు కదా అనొచ్చు. కొలిచారు కూడా. కానీ వర్ణపటం చూపేది పైచర్మాన్నే, కంపనం పుట్టేది దాని కిందెక్కడో. పైగా వేడి ఒక్కటే నిర్ణయించదు. హైడ్రోజన్ పైపొర ఉన్న ఒంటరి కుబ్జాలు సుమారు 11,000 నుంచి 12,000 కెల్విన్ల మధ్యే కంపిస్తాయి. జీడబ్ల్యూ లిబ్రే మాత్రం 15,000 దగ్గర కూడా కంపించింది. తోడు నుంచి వచ్చిన పదార్థంలో హీలియం ఎక్కువైతే ఇది సాధ్యమేనని 2006లో శాస్త్రవేత్తలు ఆరస్, టౌన్‌స్లీ, బిల్డ్‌స్టన్ లెక్క కట్టారు. నాకు ఇది నమ్మదగ్గ వివరణగానే తోస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటి ఉంది: పళ్లెం మినుకు మినుకుమనడాన్నే మనం కంపనమని భ్రమపడటం లేదా? నాలుగు గంటల కాలంపై ఈ అనుమానం న్యాయమే. దాన్ని తీర్చే దారి ఒకటే. పళ్లెపు మినుకు రాత్రికో తీరున ఉంటుంది, నిజమైన కంపనం వారాల తరబడి అదే లయ పట్టుకుంటుంది. హబుల్ దొరికేది గంటల లెక్కన. వారాలూ ఏళ్లూ కూర్చోగలిగేవి మధ్యతరహా దూరదర్శినులే. 1968 నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి రంగాపూర్ 48 అంగుళాల దూరదర్శిని జంట తారల వెలుగును ఏళ్ల తరబడి కొలిచింది ఆ ఓపికతోనే.