పన్నెండో రిజిస్టరు

మా అమ్మ ముప్ఫై మూడేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆమె కేంద్రం అద్దెకి తీసుకున్న ఒక రేకుల గది. రిటైరయ్యాక ఇల్లు సర్దుతుంటే అటక మీద, పాత పంచాంగాల మధ్య ఒక నోటుబుక్కు దొరికింది. అట్ట మీద ఏమీ రాసి లేదు. లోపల అమ్మ గుండ్రటి అక్షరాలు. “అద్దె నాలుగు నెల్లు రాలేదు, నేనిచ్చాను.” “కూరగాయలు, పోపుసామాను నావే.” “గ్యాసు, ఆయా నేను చెరిసగం.” “మీటింగుకి ఆటో.” ప్రతిదాని పక్కనా ఒక అంకె. కొన్ని అంకెల మీద అడ్డగీత ఉంది. అవి డబ్బు వచ్చాక కొట్టేసినవి. చాలావాటి మీద గీత లేదు.

“ఇదెవరికైనా చూపించావా అమ్మా?” అని అడిగాను.

“ఎవరు చూస్తారే? నాకు గుర్తుండటానికి రాసుకున్నా” అంది.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేశాను. స్త్రీల కథల్లో ఇంటిచాకిరీ నా పరిశోధనాంశం. వంటింట్లో మాయమైపోయే శ్రమ గురించీ, దానికి ఎక్కడా లెక్క లేకపోవడం గురించీ పేజీలకి పేజీలు రాశాను. ఆ రోజుల్లో అమ్మ పక్కగదిలో కూర్చుని రాత్రి పదింటి దాకా రిజిస్టర్లు నింపుతూ ఉండేది. అది కూడా ఒక రాతేనని, చదవాల్సిన పాఠ్యమేనని నాకు తోచలేదు. ఈ వ్యాసం ఆ పొరపాటుని దిద్దుకునే ప్రయత్నం.

ముందు అధికారిక పాఠ్యం చూద్దాం. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. 2012 తర్వాత వచ్చిన పద్ధతిలో ఒక్కో కేంద్రానికి పదకొండు రిజిస్టర్లు. కుటుంబాల వివరాలు, సరుకుల నిల్వ, ఆహార పంపిణీ, పిల్లల హాజరు, గర్భిణులు, టీకాలు, ఇంటింటి సందర్శన, పిల్లల బరువులు... 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. రూపం మారింది గానీ చూపు మారలేదు. ప్రతి గడీ పై మనిషి కింది మనిషిని అడిగే ప్రశ్నే. ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని పెట్టావు, ఎంతమంది పిల్లలొచ్చారు, ఏ పిల్ల బరువు తగ్గింది? అడగాల్సిన ప్రశ్నలే ఇవి, కాదనను. కానీ గుడ్లు ఎందుకు ఆలస్యంగా వచ్చాయి, అద్దె ఎన్ని నెలలుగా బాకీ ఉన్నాం అని ప్రభుత్వం తన గురించి తాను రాసుకోవాల్సిన గడి వాటిలో లేదు. ఆ లేని గడిని అమ్మ సొంతంగా గీసుకుంది. అందుకే ఆమె నోటుబుక్కుని పన్నెండో రిజిస్టరు అంటున్నాను.

భాషతో పనిచేసేవాళ్ళం గనక ఒక మాట దగ్గర ఆగుదాం. అంగన్‌వాడీ టీచరుకి ఇచ్చేదాన్ని ప్రభుత్వ కాగితాలు జీతం అనవు. ‘గౌరవ వేతనం’ అంటాయి. సాహిత్య సభలో గంటసేపు మాట్లాడి వచ్చే వక్తకి కవరులో పెట్టి ఇచ్చేదానికీ ఇదే పేరు. ఆ వక్తకి వేరే ఉద్యోగం, వేరే జీతం ఉంటాయి. ఇక్కడ బతుకంతా దాని మీదే. జీతం అంటే పనికి తగ్గ హక్కు. కనీస వేతనంతో పోల్చి చూడొచ్చు, ఆలస్యమైతే నిలదీయొచ్చు. గౌరవ వేతనం ఇచ్చేవాళ్ళ మర్యాద, వాళ్ళ వీలు. గౌరవాన్ని ఇంతే ఎందుకిచ్చారని అడిగితే అడిగినామెదే తప్పవుతుంది. పిల్లల పని అమ్మ మనసుతో చేసేదే గదా అన్న పొగడ్త దీనికి తోడు. ఇంట్లో చాకిరీని ‘ప్రేమ’ అనే మాట ఎలా కప్పేసిందో తెలుగు స్త్రీవాదం మనకి చూపించింది. అదే పనిని ప్రభుత్వం ‘గౌరవం’ అనే మాటతో చేస్తోంది.

ఈ మాట చుట్టూ న్యాయస్థానాల్లోనూ పెనుగులాట జరిగింది. 2006 డిసెంబరులో, రోజుల తేడాతో, సుప్రీంకోర్టు నుంచి రెండు మాటలు వచ్చాయి. కర్ణాటక నుంచి వచ్చిన అమీర్‌బీ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలు పథకం కింద పనిచేసేవాళ్ళే గానీ సివిల్ పోస్టుల్లో ఉన్నవాళ్ళు కాదంది. ఆహార హక్కు కేసులో, 2008 డిసెంబరు నాటికి దేశంలో 14 లక్షల కేంద్రాలు పనిచేయాలని, ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉన్న పల్లెగానీ మురికివాడగానీ అడిగితే మూడు నెలల్లో కేంద్రం ఇవ్వాలని ఆదేశించింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. సేవ హక్కయింది, సేవ చేసే స్త్రీ మాత్రం ఉద్యోగి కాలేదు. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కార్యకర్తల గ్రాట్యుటీ కేసులో అదే న్యాయస్థానం, ఆ చట్టం మేరకు గౌరవ వేతనం కూడా వేతనమేనని తేల్చింది. ఒక మాటకి దాని అసలు అర్థం రావడానికి పథకం పుట్టాక నలభై ఏడేళ్ళు పట్టింది.

ఇక డబ్బు సంగతి. 2018 అక్టోబరు నుంచి కేంద్రం లెక్కలో టీచరుకి నెలకి 4,500 రూపాయలు, ఆయాకి 2,250. ఆ పైన ఎవరికి తోచింది ఆ రాష్ట్రం కలుపుతుంది. అందువల్ల పెంచమని అడిగితే రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది, కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది. 2015-16 కేంద్ర బడ్జెట్‌లో ఈ పథకానికి కేటాయింపు 18,000 కోట్ల పైచిలుకు నుంచి 8,000 కోట్ల పైచిలుకుకి పడిపోయింది. పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 శాతం నుంచి 42 శాతానికి పెరిగింది గదా అని సమాధానం. ఆ పెరిగినదాంట్లో పసిపిల్లలకి ఎంత చేరాలో ఎవరూ రాయలేదు. అదే ఏడాది మళ్ళీ అదనంగా కేటాయించాల్సొచ్చింది. 2021-22లో పథకాన్ని మరికొన్నిటితో కలిపి ‘సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0’ అన్నారు. సాహిత్య పరిశోధకులకి ఈ ఇబ్బంది తెలిసిందే. పుస్తకం పేరు మార్చి, అధ్యాయాలు కలిపేసి కొత్త ముద్రణ వేస్తే పాత ప్రతితో పోల్చి ఏం తీసేశారో కనిపెట్టడం కష్టం. 2005-06 నుంచి బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ నివేదిక వస్తోంది. అందులో ఈ పథకం స్త్రీల కోసం చేసిన ఖర్చుగా కనబడుతుంది. ఆ స్త్రీల చాకిరీకి తక్కువిచ్చి మిగుల్చుకున్నది ఏ పట్టికలోనూ కనబడదు. అసలు కేంద్రాలు ఎలా ఉన్నాయో కాగ్ 2012-13 నివేదిక చెప్పింది. పరిశీలించినవాటిలో 61 శాతానికి సొంత భవనాల్లేవు, 52 శాతానికి మరుగుదొడ్లు లేవు. ప్రభుత్వ లెక్కల తనిఖీ దగ్గర శాతంగా కనబడిందే అమ్మ పుస్తకంలో “అద్దె నేనిచ్చాను” అని ఉంది.

ఈ భాష తనకి తానే ఎదురుతిరిగిన సందర్భం ఒకటుంది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకి దిగారు. అప్పటికి అక్కడ టీచరుకి 11,500, ఆయాకి 7,000. తెలంగాణలో అవి 13,650, 7,800. మాకు అంతకన్నా ఎక్కువ ఇస్తామన్న మాట ఏమైందన్నది వాళ్ళ ప్రశ్నల్లో ఒకటి. 2024 జనవరి 6న అప్పటి ప్రభుత్వం అంగన్‌వాడీ సేవల్ని అత్యవసర సేవల చట్టం పరిధిలోకి తెస్తూ సమ్మెని నిషేధించింది. 1971 నాటి ఆ చట్టం ఒక్కసారిగా వీళ్ళ మీదికొచ్చింది. జీతం అడిగినప్పుడు మీరు గౌరవంగా సేవ చేసేవాళ్ళు. పని ఆపినప్పుడు మీరు లేకపోతే రాష్ట్రం నడవదు. రెండూ ఒకే ప్రభుత్వం మాటలు. స్త్రీల పని ఎంత అవసరమో ప్రభుత్వం నోటితో చెప్పించడానికి స్త్రీలు పని ఆపాల్సొచ్చింది. సమ్మె 42 రోజులు సాగి చర్చలతో ముగిసింది. యాభై ఎనిమిదేళ్ళు దాటిన అమ్మ ప్రతిరోజూ శిబిరానికి వెళ్ళింది. నేను ఫోన్ చేసి “చలిలో ఎందుకమ్మా” అన్నాను గానీ “ఏం అడుగుతున్నారు?” అని అడగలేదు.

లెక్క అడగడం ఈ దేశంలో కొత్త కాదు. 1994లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల మస్టర్ రోళ్ళని ఊరి మధ్య బయటికి చదివి వినిపించింది. పని చెయ్యనివాళ్ళ పేర్లు, చేసినవాళ్ళకి అందని కూలి అక్కడికక్కడే బయటపడ్డాయి. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్న ఆ నినాదం నుంచి 1996 బ్యావర్ ధర్నా మీదుగా 2005 సమాచార హక్కు చట్టం దాకా దారి పడింది. ఎవరూ అడక్కుండానే ప్రభుత్వ కార్యాలయాలు వెల్లడించాల్సిన విషయాలు ఆ చట్టం నాలుగో సెక్షన్లో పదిహేడున్నాయి. వాటిలో కేటాయింపులు, చెల్లింపులు ఉన్నాయి. ఆ సెక్షన్ చదువుకుని అమ్మ కేంద్రం అద్దె బాకీ గురించి నేనొక దరఖాస్తు పెట్టాను. అడిగిన రూపంలో సమాచారం మా దగ్గర లేదని జవాబొచ్చింది. కోపం వచ్చింది. తర్వాత అనిపించింది, అది నిజమే అయ్యుంటుంది. ఆ రూపంలో సమాచారం ఉన్నది మా అటక మీద.

ఇప్పుడు మన సంగతి. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’, రాయని స్త్రీల నోటిమాట నుంచి చరిత్ర రాయొచ్చని నేర్పింది. 1993 నాటి ‘నీలి మేఘాలు’ తర్వాత వంటిల్లు రాజకీయమేనని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. కానీ మన విమర్శ ఇంటి వంటిల్లు దాటి ఊరి వంటిల్లు దాకా పోలేదనుకుంటాను. జీవోలు, బడ్జెట్లు, తీర్పులు ఆర్థికవేత్తలవీ, యూనియన్లవీ అని వదిలేశాం. శబ్దాలు అర్థాల్ని ఎలా మోస్తాయో, ఎలా దాస్తాయో చదవడం మన పని. ఆ పని జీవోకి కూడా కావాలి.

అయితే పన్నెండో రిజిస్టరుని కూడా నెత్తిన పెట్టుకోకుండా చదవాలి. రెండోసారి చదివినప్పుడు నాకొకటి కనబడింది. అందులో ప్రతిచోటా ‘ఆయా’ అనే ఉంది. ఇరవై ఏళ్ళు పక్కన పనిచేసిన మనిషికి పేరు లేదు. ఆమె దళిత స్త్రీ. ఆమె వండింది తినొద్దని చెప్పి పిల్లల్ని పంపిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. నీళ్ళు మోసి, గది కడిగి, పిల్లల్ని ఇంటింటి నుంచి ఎత్తుకొచ్చిన ఆమెకి కేంద్రం లెక్కలో టీచరుకిచ్చేదాంట్లో సరిగ్గా సగం. గ్యాసు ఖర్చు మాత్రం చెరిసగం. ఈ మాట అంటే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అప్పుడు అలా అనిపించలేదు” అంది. ప్రభుత్వం మా అమ్మకి చేసినదాన్ని మా అమ్మ, తెలియకుండానే, తన కింద ఉన్నామెకి చేసింది. లెక్క అడిగేవాళ్ళు తమ లెక్క కూడా చూసుకోవాలని దీనివల్ల నాకు తెలిసింది. అంతమాత్రాన ప్రభుత్వ బాకీ తీరినట్టు కాదు. ఆ సగం పెట్టింది ప్రభుత్వమే.

ప్రతి కేంద్రం గోడ మీదా ఏ రోజు ఏం పెట్టాలో రాసిన పట్టిక ఉంటుంది. దాని పక్కనే ఇంకో పట్టిక కావాలి. అద్దె ఎప్పటిదాకా వచ్చింది, గ్యాసుకి ఎంత బాకీ, గుడ్లు ఎన్ని రోజులు ఆలస్యం, టీచరుకి, ఆయాకి చివరిసారి డబ్బు ఎప్పుడు పడింది. దాన్ని ఊళ్ళో తల్లులు చదవాలి, గ్రామసభలో పైకి చదవాలి. ఇది పెద్ద విప్లవమేం కాదు, ఒక్క పట్టిక.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మా నేనూ ఆమె ఇంటికి వెళ్ళాం. ఏ నెలలో ఎంత పెట్టుకుందో ఆమెకి కాగితం లేకుండానే గుర్తుంది. ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను. మొదటి పేజీలో ఆమె పేరు రాశాం. పుస్తకం ఇంకా పూర్తి కాలేదు.